చిన్నా గుర్రుమన్న రోజు

మా ఇంటికి వచ్చిన మొదటి మూడు రోజులూ చిన్నా నోటి వెంట ఒక్క శబ్దం కూడా రాలేదు. 44 కిలోల బరువు, భుజం దగ్గర 82 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న నల్లటి గ్రేట్ డేన్ అది. అంత కుక్క హాల్లో సోఫాకూ గోడకూ మధ్యనున్న సందులోకి ఎలా దూరిందో తెలియదు గానీ, తోకను పొట్ట కిందికి లాక్కుని, గడ్డాన్ని నేలకు ఆనించి, ఎవరు అటువైపు వెళ్లినా కళ్లు మాత్రమే కదిలిస్తూ అక్కడే పడి ఉండేవాడు. మేం దాన్ని మంచితనం అనుకున్నాం. "ఎంత బుద్ధిమంతుడో, ఉన్నట్టే తెలియడం లేదు" అని మా ఆయన ఫోన్లో అందరికీ చెప్పారు. అది బుద్ధి కాదనీ, భయంతో బిగుసుకుపోయిన ప్రాణి మౌనమనీ మాకు తెలిసిరావడానికి మూడు వారాల కాలమూ నా మణికట్టు మీద ఒక గాయమూ అవసరమయ్యాయి. వయసు వచ్చిన పెద్ద జాతి కుక్కను రెస్క్యూ (దిక్కులేని కుక్కలను చేరదీసి కొత్త ఇళ్లకు ఇచ్చే సంస్థ) నుంచి తెచ్చుకోవాలని ఆలోచిస్తున్నవారికి ఉపయోగపడుతుందన్న ఉద్దేశంతో, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

కుక్కపిల్లను కాకుండా పెద్ద కుక్కనే తెచ్చుకోవాలన్నది మేం తొందరపడి తీసుకున్న నిర్ణయం కాదు. ఇంతకుముందు ఒక కుక్కను పిల్లగా ఉన్నప్పటి నుంచీ పెంచి, ముసలితనంలో సాగనంపాం. పిల్లను పెంచడానికి కావలసిన తీరిక ఇప్పుడు మా ఇద్దరికీ లేదు. పైగా గ్రేట్ డేన్ లాంటి జాతుల్లో పిల్ల పూర్తిగా ఎదగడానికి ఏడాదిన్నర నుంచి రెండేళ్లు పడుతుంది. అప్పటికి అది ఎంత ఎత్తు అవుతుందో, ఏ స్వభావంతో తేలుతుందో ముందుగా ఎవరూ చెప్పలేరు. ఎదిగిన కుక్క విషయంలో ఆ రెండూ చాలావరకు కళ్ల ముందే ఉంటాయి. కాకపోతే దానికి ఇంకో వైపు ఉంది. ఈ జాతి ఆయుష్షు సాధారణంగా 7 నుంచి 10 ఏళ్లు. రెస్క్యూ వాళ్లు చూపించిన కుక్కకు నాలుగేళ్లు ఉంటాయన్నారు. "అంటే మనతో ఎన్నేళ్లుంటాడమ్మా?" అని మా పదకొండేళ్ల అమ్మాయి అడిగింది. ఐదేళ్లు ఉండొచ్చనీ, అంతకన్నా తక్కువే కావచ్చనీ దాపరికం లేకుండా చెప్పాం. అది కాసేపు ఆలోచించి, "మనం తీసుకోకపోయినా వాడికి అన్నేళ్లేగా ఉండేది" అంది. మా ఇంట్లో ఆ చర్చ అక్కడితో ముగిసింది.

దరఖాస్తు నాలుగు పేజీలు ఉంది. ఇంట్లో ఎవరూ ఉండని గంటలెన్ని, ఇల్లు మారవలసి వస్తే ఏం చేస్తారు, పెద్ద శస్త్రచికిత్స అవసరమైతే ఖర్చు భరించగలరా, ఇంతకుముందు పెంచిన కుక్క ఎలా చనిపోయింది, దానికి చివరిదాకా వైద్యం చేసిన డాక్టరుతో తాము మాట్లాడవచ్చా అని అడిగారు. చదువుతుంటే నాకు కొంచెం మనసు కష్టపడింది. దిక్కులేని కుక్కకు ఇల్లిస్తామంటే మమ్మల్నే అనుమానిస్తున్నారేమిటి అనిపించింది. తరువాత ఫోన్లో మాట్లాడిన సమన్వయకర్త, నేను అడగకుండానే, కారణం చెప్పారు. పెద్ద కుక్కను చూసి ముచ్చటపడి తీసుకెళ్లినవాళ్లు నెల తిరగకుండా వెనక్కి తెచ్చి వదిలితే, ఆ కుక్క రెండోసారి ఇల్లు పోగొట్టుకున్నట్టు అవుతుందనీ, మూడో ఇంటికి వెళ్లేటప్పటికి దానికి మనుషుల మీద నమ్మకం ఇంకా తగ్గిపోతుందనీ అన్నారు. ఆ మాట విన్నాక మళ్లీ మొదటి పేజీ నుంచి జవాబులు తిరగరాశాను. మొదటిసారి మమ్మల్ని బాగా చూపించే జవాబులు రాశాను, రెండోసారి నిజమైనవి రాశాను. వారంలో రెండు రోజులు ఇంట్లో ఐదు గంటలపాటు ఎవరూ ఉండరని అప్పుడే ఒప్పుకున్నాను. అందుకు వాళ్లు మమ్మల్ని కాదనలేదు. ఆ గంటలకు ఏం ఏర్పాటు చేస్తారని మాత్రం అడిగారు.

ఇల్లు చూడటానికి వచ్చినావిడ గదులెంత పెద్దవో చూడనే లేదు. గేటు దగ్గర ఆగి, గడియ వేయించి, మోకాలితో గట్టిగా నెట్టారు. గడియ ఊడి గేటు తెరుచుకుంది. "యాభై కిలోల కుక్క దీన్ని తోయనక్కర్లేదమ్మా, ఆనుకుంటే చాలు" అన్నారు. లోపలికి వచ్చాక చెప్పు విడిచిన కాలితో నేలను రుద్ది చూసి, ఇంత నున్నటి నేల మీద బరువైన కుక్క కాళ్లు పక్కలకు జారిపోతాయనీ, ఒకసారి అలా జారితే తుంటి కీళ్లు దెబ్బతినడమే కాక ఆ గదిలోకే రావడానికి భయపడుతుందనీ చెప్పారు. గేటుకు కొత్త గడియ పెట్టించి, వాడు తిరగబోయే దారి పొడవునా అడుగున రబ్బరు ఉన్న పట్టాలు పరిచి, ఆ ఫోటోలు పంపాకే తరువాతి మెట్టుకు ఒప్పుకున్నారు.

చిన్నాను ఫోస్టర్ ఇంట్లో, అంటే సొంత ఇల్లు దొరికేదాకా వాడిని తాత్కాలికంగా చూసుకుంటున్నవాళ్ల ఇంట్లో, మూడుసార్లు కలిశాం. మొదటిసారి వెళ్లినప్పుడు వాడు మమ్మల్ని చూసి పెద్దగా ఆవులించి, పెదాలు నాక్కుని, తల పక్కకు తిప్పుకున్నాడు. పాపం నిద్ర వస్తున్నట్టుంది అన్నాను. "నిద్ర కాదండీ, ఇబ్బంది. ఎదురుగా కాకుండా పక్కకు తిరిగి కూర్చోండి, చూడకండి, చెయ్యి చాపకండి" అన్నారు ఆ ఇంటావిడ. అలాగే గోడకేసి తిరిగి ముప్పావుగంట కూర్చున్నాం. ముగ్గురం ఒక కుక్కను చూడటానికి వెళ్లి దాన్ని చూడకుండా కూర్చోవడం కష్టంగానే ఉంది. చివరికి వాడు వెనక నుంచి వచ్చి, మెడ వీలైనంత చాచి, కాళ్లను మాత్రం పారిపోవడానికి వీలుగా వెనకే ఉంచుకుని, మా అమ్మాయి జడను వాసన చూసి వెళ్లిపోయాడు.

చిన్నా అన్న పేరు పెట్టిందీ ఆవిడే. ఎవరైనా దగ్గరికి వస్తే వీపు వంచి, కాళ్లు మడిచి, చెవులు వెనక్కి అణచి, ఉన్నంత దేహాన్నీ వీలైనంత చిన్నగా చేసుకునేవాడట. పాత పేరు ఏదైనా ఉండి ఉంటే, దాన్ని ఎంత కోపంగా పిలిచారో తెలియదు కాబట్టి, కొత్త పేరే మంచిదనుకున్నారట. ఆవిడ చెప్పిన వాటిలో నాకు బాగా నచ్చిన మాట ఒకటుంది. "నాలుగు వారాలుగా నా దగ్గరున్నాడు. నేను చూసింది చెబుతాను, చూడనిది ఊహించి చెప్పను" అన్నారు. చీపురు చేతిలోకి తీసుకుంటే వణుకుతాడు. మగవాళ్లు చెయ్యి పైకెత్తితే నేలకు అతుక్కుపోతాడు. గిన్నెలో వేసింది నమలకుండా మింగుతాడు. ఆవిడ ఇంట్లోని ఆడకుక్కతో సఖ్యంగా ఉంటాడు. చిన్న పిల్లలతో, పిల్లులతో ఎలా ఉంటాడో ఆవిడకు తెలియదు. రెస్క్యూ కుక్కను తీసుకునేవాళ్లు ఈ చివరి రకం జవాబును లోపంగా చూడకూడదు. అన్నిటికీ భేషుగ్గా ఉంటాడని చెప్పేవాళ్ల దగ్గరే ఎక్కువ ప్రశ్నలు అడగాలి.

కాగితాల సంగతి త్వరగానే తేలింది. పళ్ల అరుగుదలను బట్టి వయసు నాలుగేళ్లని అంచనా వేశారు. ఎదిగిన కుక్క విషయంలో ఆ అంచనా ఏడాదో రెండేళ్లో అటూ ఇటూ కావచ్చని ముందే చెప్పారు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయింది. రేబిస్‌కూ, పార్వో, డిస్టెంపర్ అనే కుక్కల వైరస్ జబ్బులకూ టీకాలు వేశారు. భుజాల మధ్య చర్మం కింద బియ్యపు గింజంత మైక్రోచిప్ ఉంది. దాని 15 అంకెల సంఖ్యను మా పేరున మార్పించుకోవడం అదే రోజు పూర్తి చేశాం. చిప్ ఒంట్లో ఉన్నా, దాని సంఖ్యకు పాత ఫోన్ నంబరే నమోదై ఉండిపోతే కుక్క తప్పిపోయినప్పుడు ఎందుకూ పనికిరాదు. గుండెలోకి చేరే హార్ట్‌వార్మ్ అనే పురుగు కోసం చేసిన పరీక్షలో ఏమీ లేదని వచ్చినప్పటికీ ఆరు నెలలకు మళ్లీ చేయించమన్నారు. ఆ పురుగు ఒంట్లోకి చేరాక పరీక్షకు అందేంతగా ఎదగడానికి దాదాపు ఆరు నెలలు పడుతుందట. ఒప్పందంలో రెండు షరతులు ముఖ్యమైనవి. మొదటి రెండు వారాలు పరీక్షాకాలం. ఎప్పుడైనా, ఎన్నేళ్లకైనా, మేం పెంచలేని పరిస్థితి వస్తే వాడిని ఇంకెవరికీ ఇవ్వకుండా వాళ్లకే అప్పగించాలి. రెండో షరతు కింద సంతకం పెడుతున్నప్పుడు, ఇలాంటి అవసరం మాకెందుకు వస్తుంది అనుకున్నాను.

తీసుకొచ్చిన రోజు వాడికి కారెక్కడం తెలియలేదు. ముందుకాళ్లు సీటు అంచున పెట్టి అలాగే నిలబడిపోయాడు. ఎత్తి లోపల పెట్టబోతే ఫోస్టర్ ఇంటావిడ వారించారు. "వాడంతట వాడే ఎక్కనివ్వండి, ఇవాళ అదొక్కటైనా వాడి ఇష్టప్రకారం జరగనివ్వండి" అన్నారు. ఇరవై నిమిషాలు పట్టింది. మెడపట్టీకి ఒక లీష్, ఛాతీ చుట్టూ వేసే హార్నెస్‌కు ఇంకొక లీష్, రెండూ వేర్వేరు చేతుల్లో పట్టుకుని ఇంట్లోకి నడిపించాం. కొత్తగా తెచ్చిన కుక్కలు తప్పిపోయేది ఎక్కువగా మొదటి రోజుల్లోనే. వాటికి అప్పటికి మన ఇల్లు తమ ఇల్లని తెలియదు. బెదిరినప్పుడు మెడను వెనక్కి లాగి పట్టీలోంచి జారిపోతాయి. ఈ రెండు లీష్‌ల పద్ధతి నెల రోజులపాటు మానలేదు.

ఆ మొదటి రోజుల్లో మేం చేసిన తప్పులు ఎన్నో ఉన్నాయి. రెండో రోజు వాసన వస్తున్నాడని స్నానం చేయించాం. వాడు కదలకుండా నిలబడ్డాడు, నీళ్లు కళ్లలోకి కారుతున్నా రెప్ప వేయలేదు. దాన్ని కూడా మంచితనం ఖాతాలోనే వేసుకున్నాం. మూడో రోజు వాడిని చూడాలని మా ఆడపడుచు కుటుంబం ఆరుగురు వచ్చారు. అందరూ ఒకరి తరువాత ఒకరు సోఫా పక్కకు వెళ్లి తల నిమిరారు. ఆ రాత్రి వాడు తిండి ముట్టలేదు, బయటికి తీసుకెళ్లినా మూత్రానికి పోలేదు. మూడు రోజులకు కుదుటపడతాయి, మూడు వారాలకు అలవాటు పడతాయి, మూడు నెలలకు మన ఇంటివవుతాయి అని రెస్క్యూవాళ్లు ఒక లెక్క చెబుతారు. ఓపిక పట్టమని చెప్పడానికి అది మంచి మాటే గానీ, దాన్ని గడువులా పెట్టుకుంటే మాత్రం కుక్క వెనకబడిందన్న దిగులు పట్టుకుంటుంది. చిన్నాకు ప్రతి దశా రెట్టింపు కాలం పట్టింది.

మొదటి వారం చివర పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాం. తూకం పళ్లెం మీదికి ఎక్కించడానికి ముగ్గురు పట్టవలసి వచ్చింది. ఒకటి (మరీ బక్క) నుంచి తొమ్మిది (మరీ లావు) దాకా ఉండే శరీరస్థితి కొలతలో 3 వేశారు. పక్కటెముకలు లెక్కపెట్టేలా ఉన్నాయి. గట్టి నేల మీద పడుకుని పడుకుని మోచేతుల దగ్గర వెంట్రుకలు పోయి, చర్మం ఏనుగు తోలులా మందం కట్టింది. నాలుగు అంగుళాల మందం ఉన్న పరుపు వెయ్యమన్నారు. అసలు సంగతి కడుపు గురించి చెప్పారు. ఛాతీ లోతుగా ఉండే ఇలాంటి జాతుల్లో కడుపు గాలితో ఉబ్బి మెలిపడే ప్రమాదం ఉంటుంది. గ్రేట్ డేన్‌లకు అది అన్ని జాతులకన్నా ఎక్కువ. మెలిపడిన కడుపుకు రక్తం ఆగిపోతుంది, శస్త్రచికిత్స జరగకపోతే గంటల వ్యవధిలో ప్రాణం పోతుంది. కక్కడానికి ప్రయత్నిస్తూ ఏమీ బయటికి రాకపోవడం, చొంగ కారడం, ఒకచోట నిలవలేక తిరగడం, పొట్ట డప్పులా బిగుసుకోవడం, వీటిలో ఏది కనిపించినా తెల్లవారేదాకా ఆగవద్దన్నారు. రాత్రిపూట తెరిచి ఉండే ఆసుపత్రి ఎక్కడుందో ముందే చూసి పెట్టుకోమన్నారు.

పెద్ద కుక్కకు గిన్నె ఎత్తు మీద పెట్టాలని ఎక్కడో చదివి, నేను అప్పటికే ఒక స్టాండు కొన్నాను. అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయంవారు 2000లో ప్రచురించిన పరిశోధనలో, ఎత్తు గిన్నెల్లో తినే పెద్ద కుక్కలకే ఈ ప్రమాదం ఎక్కువగా కనిపించిందని డాక్టరు చెప్పి, ఆ స్టాండును తీసేయించారు. రోజుకు ఒక్కసారి కడుపునిండా పెట్టకుండా మూడు పూటలుగా పంచి పెట్టడం, గబగబా మింగకుండా గుంతలూ గట్లూ ఉన్న గిన్నెలో వేయడం, తిన్నాక గంటకు పైగా పరుగెత్తనివ్వకపోవడం అలా మొదలయ్యాయి. తిండి మార్చేటప్పుడు పాత డ్రై ఫుడ్‌లో కొత్తది కొద్దికొద్దిగా పెంచుతూ పది రోజులు తీసుకున్నాం. కడుపును పొట్ట లోపలి గోడకు కుట్టేసి మెలిపడకుండా చేసే శస్త్రచికిత్స ఒకటి ఉందనీ, ఒళ్లు కాస్త కోలుకున్నాక చేయించుకోవడం మంచిదనీ సలహా ఇచ్చారు. ఐదో నెలలో చేయించాం. ఈ జాతిని తెచ్చుకునేవాళ్లు ఈ ఖర్చును ముందే లెక్కలో వేసుకోవాలి. మత్తుమందు దగ్గర నుంచి నులిపురుగుల మందు వరకు అన్నీ బరువును బట్టే కొలుస్తారు కాబట్టి, పెద్ద కుక్కకు ప్రతిదీ పెద్ద ఖర్చే.

ఇక ఆ పదహారో రోజు. స్నానాలగది నుంచి ఒక పాత తువ్వాలు వాడు ఎప్పుడు తెచ్చుకున్నాడో తెచ్చుకుని, ముందుకాళ్ల మధ్య పెట్టుకుని పడుకున్నాడు. ఉతకడానికి తీసుకుందామని వంగి ఒక అంచు పట్టుకున్నాను. వాడి ఒళ్లు ఒక్కసారిగా రాయిలా బిగిసింది. తల కదలలేదు గానీ కళ్లు నా వైపు తిరిగి తెల్లగుడ్డు నెలవంకలా కనిపించింది. ఆపైన ఛాతీ లోపలి నుంచి, వినిపించడం కన్నా నేల గుండా నా అరికాళ్లకు తెలిసినట్టుగా, సన్నటి గుర్రు వచ్చింది. నాకు భయమూ కోపమూ ఒకేసారి వచ్చాయి. ఇన్ని చేస్తుంటే నా మీదే గుర్రుమంటావా అనిపించింది. "ఛీ, తప్పు!" అని గట్టిగా అరిచి తువ్వాలు లాగేశాను. వాడు వెంటనే వదిలేసి, వీపు వంచి, మునుపటిలాగే చిన్నగా అయిపోయి సందులోకి వెళ్లిపోయాడు. మొదట్లోనే అదుపులో పెట్టడం మంచిదైందని మా ఆయనతో అన్నాను. ఆ మాట ఇప్పటికీ నన్ను వదలదు.

నాలుగు రోజుల తరువాత చెత్తబుట్టలోంచి తిండి అంటిన అల్యూమినియం రేకు ఒకటి లాక్కున్నాడు. మింగుతాడేమోనన్న కంగారులో చెయ్యి పెట్టాను. ఈసారి బిగుసుకోవడం లేదు, గుర్రుమనడం లేదు, ఏ హెచ్చరికా లేదు. నా మణికట్టు వాడి నోట్లో ఉంది. కొరికి పట్టుకోలేదు, పన్ను గీరుకుని వెంటనే వదిలేశాడు. రక్తం చూసి మా అమ్మాయి ఏడ్చింది. సబ్బుతో, పారే నీటి కింద పదిహేను నిమిషాలు కడుక్కుని, వాడికి టీకాలన్నీ ఉన్నా, డాక్టరు దగ్గరికి వెళ్లాను. కుక్క పన్ను గీరుకున్నప్పుడు గాయం చిన్నదని ఊరుకోవడానికి వీల్లేదు.

ఆ రాత్రి సమన్వయకర్తకు ఫోన్ చేశాను. పరీక్షాకాలం ముగిసి ఆరు రోజులైంది. అవసరమే రాదనుకున్న ఆ రెండో షరతు గురించి అడగాలన్నదే నా మనసులో ఉంది. ఆవిడ అంతా విని ఒక్క ప్రశ్న అడిగారు. "ఇంతకుముందు ఎప్పుడైనా గుర్రుమన్నాడా అమ్మా?" తువ్వాలు సంగతి చెప్పాను. "అప్పుడు మీరేం చేశారు?" చెప్పాను. కాసేపు ఇద్దరం మాట్లాడలేదు. "వాడు నోటితో చెప్పగలిగింది చెప్పాడమ్మా. చెప్పడం తప్పని మీరు నేర్పారు. ఇక చెప్పకుండా చేశాడు" అన్నారు. ఆ మాటలో నన్ను తప్పుపట్టడం ఏమీ లేదు. గుర్రుమనడమన్నది కుక్క కరవకుండా ఉండటానికి చేసే ప్రయత్నమనీ, ఆ మెట్టును మనం పీకేస్తే కింద భయం అలాగే ఉంటుంది గానీ హెచ్చరిక మాత్రం పోతుందనీ ఓపికగా వివరించారు. ముందుగా నొప్పి ఏదైనా ఉందేమో చూపించమన్నారు. ఉంటుందని నేను అనుకోలేదు. ఉంది. మత్తు ఇచ్చి నోరు పూర్తిగా పరీక్షిస్తే, పై దవడలోని పెద్ద నమిలే పన్ను నిలువునా చీలి, వేరు దాకా చీము పట్టి ఉంది. నెలల నాటి దెబ్బ అన్నారు. తిండిని నమలకుండా మింగడం ఆత్రం వల్ల అనుకున్నాం గానీ, సగం కారణం అదే. ఆ పన్ను తీసేశారు.

పన్ను తీశాక చేసింది ఏమిటంటే, వాడి దగ్గరున్న వస్తువును లాక్కోవడం పూర్తిగా మానేయడం. దాని బదులు మార్పిడి నేర్పాం. వాడు బొమ్మతో ఉన్నప్పుడు రెండు గజాల దూరం నుంచి ఉడికించిన మాంసం ముక్క విసిరి, ఆగకుండా నడిచి వెళ్లిపోయేవాళ్లం. రోజుకు అయిదారు సార్లు, ఏమీ తీసుకోకుండా. మనుషులు దగ్గరికి రావడమంటే ఉన్నది పోవడం కాదు, లేనిది రావడం అని వాడికి అనిపించాలి. రెండు వారాలకు, మేం వస్తుంటే నోట్లోది వదిలేసి తల ఎత్తి చూడటం మొదలుపెట్టాడు. చెత్తబుట్టను తలుపున్న గూట్లో పెట్టాం. పడుకున్న చోటికి ఎవరూ వెళ్లకూడదనీ, వాడే మన దగ్గరికి రావాలనీ ఇంటి నియమం పెట్టుకున్నాం. మా అమ్మాయి ఈ నియమాన్ని మా ఇద్దరికన్నా నిక్కచ్చిగా పాటించింది.

మూతి చిక్కం అలవాటు చేయడం కూడా అప్పుడే మొదలుపెట్టాం. మూతిని నొక్కి కట్టేసే గుడ్డ పట్టీ కాదు, నోరు తెరిచి ఒగర్చడానికీ నీళ్లు తాగడానికీ వీలుండే బుట్ట లాంటిది. కరిచిన కుక్కకు శిక్ష అని చాలామంది అనుకుంటారు, మా ఆయన కూడా మొదట ఒప్పుకోలేదు. నొప్పి పుట్టినప్పుడు ఏ కుక్కయినా కరవవచ్చు. ఇంత పెద్ద నోటికి అలవాటు లేని చిక్కాన్ని ఆ క్షణంలో నలుగురు పట్టి బిగించడం కన్నా, తీరిక రోజుల్లో వాడికి ఇష్టమయ్యేలా నేర్పడం దయగల పని. మొదటి వారం అంతా బుట్టను గిన్నెలా పట్టుకుని అడుగున తిండి పెట్టాం. మూతి వాడే పెట్టాలి, వాడే తీయాలి. పట్టీ బిగించడం ఐదో వారంలో గానీ చేయలేదు.

మా ఆయన్ను చూస్తే వాడికి ఉన్న బెదురు అన్నిటికన్నా నెమ్మదిగా పోయింది. ఆయన రోజూ సాయంత్రం నేల మీద, వాడికి వీపు తిప్పి కూర్చుని, పేపరు పైకి చదివేవారు. వాడి వైపు చూడకుండా, గొంతు పెంచకుండా. మొదటి పది రోజులు వాడు గది దాటి పోయేవాడు. తరువాత గుమ్మంలో ఆగేవాడు. ఒక సాయంత్రం ఆయన వీపుకు వాడి పక్కటెముకలు తగిలాయి. ఆయన చదవడం ఆపలేదు గానీ గొంతు మారడం నాకు వంటగదిలోకి వినిపించింది. మనిషికి పక్కగా నిలబడి ఉన్న బరువంతా వాల్చడం ఈ జాతికి అలవాటని తరువాత తెలిసింది.

రెండో నెల చివర, ఒక మధ్యాహ్నం, వాడు తన పరుపు మీద ఒక నమిలే బొమ్మతో ఉన్నాడు. నేను ఏదో ఆలోచనలో మా నియమం మరిచి, అలమర తీయడానికి వాడికి మరీ దగ్గరగా వెళ్లాను. అదే బిగుసుకోవడం, అదే తెల్లటి నెలవంక, అదే సన్నటి గుర్రు. నేను ఆగి, రెండడుగులు వెనక్కి వేశాను. "సరే నాన్నా, అర్థమైంది" అన్నాను. వాడు నన్ను ఒక్క క్షణం చూశాడు. ఒళ్లు సడలింది, పెద్దగా ఊపిరి వదిలి తల బొమ్మ మీద ఆనించుకున్నాడు. నేను వంటగదిలోకి వెళ్లి కళ్లు తుడుచుకున్నాను. వాడికి మళ్లీ మాట వచ్చింది. ఆ మాట అంటే దెబ్బలు పడవని నమ్మి అన్నాడు. సమన్వయకర్తకు ఫోన్ చేసి "గుర్రుమన్నాడండీ" అని చెబితే, ఆవిడ ఏదో పాసైనట్టుగా అభినందించారు.

ఆ తరువాత ఒక్కొక్కటే బయటపడ్డాయి. మూడో నెలలో మొదటిసారి మొరిగాడు. ఆ శబ్దానికి మా అందరికన్నా వాడే ఎక్కువగా ఉలిక్కిపడి, ఎవరు మొరిగారా అని వెనక్కి తిరిగి చూసుకున్నాడు. ఎవరూ కోప్పడకపోయేసరికి ఇంకోసారి మొరిగాడు. అణకువ తగ్గినకొద్దీ అల్లరి వచ్చింది. బయట పిల్లి కనిపిస్తే లాగడం మొదలైంది. అంత బరువు ఒక్కసారి ముందుకు దూకితే భుజం పట్టు తప్పుతుంది, అందుకని ఛాతీ ముందర కొక్కెం ఉండే హార్నెస్‌కు మారాం. అది వేసుకుని లాగినప్పుడు కుక్క ముందుకు పోకుండా పక్కకు తిరుగుతుంది. దారిలో ఎదురైనవాళ్లలో కొందరు భయపడి అవతలివైపుకు పోతారు, వాళ్లతో ఇబ్బంది లేదు. అడగకుండా వచ్చి తల మీద చెయ్యి వేసేవాళ్లతోనే కష్టం. "వద్దండీ, వాడికి భయం" అంటే, "ఇంత కుక్కకు భయమా" అంటారు. అవునండీ, ఇంత కుక్కకే.

ఆరో నెలలో హార్ట్‌వార్మ్ పరీక్ష మళ్లీ చేయించడానికి వెళ్లాం. వాడికి ఆ గది వాసన ఇప్పటికీ ఇష్టం ఉండదు. గుమ్మం దగ్గర ఆగిపోయి, చెవులు వెనక్కి పెట్టి, నా సంచీ వైపు చూశాడు. చిక్కం తీసి, తొడగకుండా, చేతిలో ఊరికే పట్టుకుని నిలబడ్డాను. వాడు కొంచెంసేపు ఆలోచించి, ముందుకు వచ్చి, మూతిని వాడే బుట్ట అడుగు దాకా దూర్చి, పట్టీ పెట్టేదాకా కదలకుండా ఉన్నాడు. రక్తం తీసేటప్పుడు ఒకసారి గుర్రుమన్నాడు. డాక్టరు గారు వెంటనే సూది పక్కన పెట్టి, వాడు ఊపిరి వదిలేదాకా ఆగి, అప్పుడు తీశారు. పురుగు లేదని ఫలితం వచ్చింది. వచ్చేటప్పుడు తూకం పళ్లెం దగ్గర, ఎవరూ పట్టుకోకుండానే, నాలుగు కాళ్లూ దాని మీద పెట్టి, వీపు నిటారుగా, తల నా భుజం దాకా ఎత్తి నిలబడ్డాడు. 59 కిలోలు.